విప్పి కుట్టినవి

మఖమల్ గుడ్డ పోయిన రోజు మంగళవారం. సంగతి సూదమ్మకు సాయంత్రం దాకా తెలియలేదు.

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది కాని, ముప్పై ఏళ్లుగా వీధిలో ఎవరికీ దానితో పని పడలేదు. కోటు బిగుతైనా, ప్యాంటు వదులైనా, పెళ్లికి కొన్న గౌను చివరి నిమిషంలో చిరిగినా సూదమ్మే దిక్కు. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకు మేకులకు తగిలించిన కొలత కాగితాలు, మూల ఇస్త్రీబల్ల. భర్త సిటీబస్సు డ్రైవరు. ఒక్కతే కూతురు. ఇరవై నిండాయి. మూడు నెలల కిందట నాటకశాలవారి కుట్టుగదిలో చేరింది. ఆ ఉద్యోగం వచ్చిన రోజున సూదమ్మ మిషను మీద గుడ్డ కప్పి, ఆ పూటకు సెలవు తీసుకుంది. అది ఆమె చరిత్రలో రెండో సెలవు.

ఆ మంగళవారం కూతురికి అప్పజెప్పిన పని, రాజు వేషానికి నేలను జీరాడే పై అంగీ కోసం పన్నెండు కళీలు కత్తిరించడం. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే ముక్కలను కళీలంటారు. మామూలు గుడ్డయితే ఒక ముక్కను నిటారుగా, దాని పక్కది తలకిందులుగా పెట్టి కత్తిరిస్తారు. సందులు కలిసివస్తాయి, గుడ్డ మిగులుతుంది. జానెడు గుడ్డ మిగిలితే జేబవుతుందని సూదమ్మ కూతురికి చిన్నప్పుడే నేర్పింది. కూతురు నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేసింది. కొలతలు వెంట్రుకవాసి తేడా రాలేదు.

కాని అది మఖమల్. మఖమల్ మీది నూగు పిల్లి ఒంటి మీది వెంట్రుకల్లా ఒకే వైపు వాలి ఉంటుంది. వాలు కిందికుంటే రంగు వెలిసినట్టుంటుంది, పైకుంటే చిక్కగా ఉంటుంది. మామూలు గదిలో ఆ తేడా అంతగా తెలియదు. రంగస్థలం మీది దీపం వెలిగించగానే పన్నెండు ముక్కల్లో ఆరు ద్రాక్షపండు రంగులోనూ, ఆరు పాత ఇటుక రంగులోనూ కనబడ్డాయి, ఒకటి విడిచి ఒకటి. ఆ గుడ్డకు ఆ నాటకం కోసమే ప్రత్యేకంగా రంగు అద్దించారు. మళ్లీ అద్దించడానికి వ్యవధి లేదు. విప్పిన కుట్టును మళ్లీ కుట్టవచ్చు గాని, కత్తిరించిన గుడ్డను వెనక్కి తెచ్చేవాడు ఇంకా పుట్టలేదు.

సాయంత్రం కూతురు వచ్చి, చెప్పులు విప్పకుండానే స్టూలు చివర కూర్చుంది.

“ఏమైందే అమ్మలూ, మొహం అలా ఉంది?”

“ఏం లేదమ్మా.”

“ఏం లేనివాళ్లు చెప్పులతో లోపలికి వస్తారా?”

కూతురు చెప్పులు విప్పి, వాటిని చేత్తో పట్టుకునే చెప్పింది. “మఖమల్ తప్పు కత్తిరించాను. కళీలు తలకిందులు పెట్టాను. మొత్తం గుడ్డ పోయింది. సోమవారం దాకా రావద్దన్నారు.”

సూదమ్మ చేతిలోని అంచు కుట్టు ఆగిపోయింది. సోమవారం దాకా అంటే ఎప్పటికీ అనే ఆమె లెక్క. పనిలోంచి తీసేసేవాళ్లు మొహం మీద చెప్పరు, ఒక వారం పేరు చెబుతారు.

“ఎవరన్నారు? మీ కుట్టుగది పెద్ద, ఆ పెద్దకత్తెరేనా? నేను రేపు పొద్దున్నే వెళ్లి...”

“అమ్మా, నువ్వు రావద్దు.” కూతురు గొంతు పెంచలేదు. “ఒకటడుగుతాను, చెప్పు. మఖమల్ నూగు ఒకే వైపు వాలుతుందని నీకు తెలుసా?”

“తెలియకేం.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పాల్సిన అవసరమేం వచ్చింది? మనింటికి మఖమల్ వచ్చినప్పుడల్లా నేనే వెనకవైపు సుద్దముక్కతో బాణాలు గీసి పెట్టేదాన్నిగా.”

“అవి పైభాగం ఎటో గుర్తుకు గీస్తున్నావనుకున్నాను,” అంది కూతురు. “అన్నిటికీ పైభాగం ఒకే వైపు ఎందుకుండాలో నేనడగలేదు. బాణం ఉంది కదా అని అటే పెట్టేదాన్ని.”

ఆ తర్వాత లోపలికి వెళ్లి మొహం కడుక్కుంది. ఏడ్చిన చప్పుడేమీ రాలేదు. వచ్చి ఉంటే సూదమ్మకు కొంత నయంగా ఉండేది. ఏడ్చే పిల్లను ఏం చేయాలో ఆమెకు తెలుసు.

పిల్లకు చేయవలసినదంతా ఆమెకు తెలుసుననే అందరూ అనేవారు. కాలికి మట్టి అంటకుండా పెంచింది. కూతురు పన్నెండేళ్లకు మిషను ముందు కూర్చుంది. సాయంత్రం వంకరటింకరగా కుట్టి బల్ల మీద పెట్టి పడుకునేది. తెల్లవారకముందే సూదమ్మ లేచి, ఆ కుట్లు విప్పి, పాత రంధ్రాలు కనబడకుండా సరిగా కుట్టి, ఇస్త్రీ చేసి, మళ్లీ అక్కడే పెట్టేది. పొద్దున కూతురు చూసుకుని, “నిన్న వంకరగా ఉన్నట్టనిపించిందే,” అంటే, “ఇస్త్రీ పడితే అన్నీ సర్దుకుంటాయే,” అనేది. కూతురు నమ్మింది. ఎనిమిదేళ్లు నమ్మింది. అమ్మ మాట నమ్మకపోతే పిల్లలు ఇంకేం నమ్ముతారు?

కూతురికన్నా ముందు ఆమెకో కొడుకు ఉండేవాడు. నాలుగేళ్లు బతికాడు. ఒంటి మీద చేయి వేస్తే కాలుతోందని పక్కింటావిడ వచ్చి చెప్పిన రోజున, చేతిలో ఉన్న కుట్టు ముగించి లేద్దామని సూదమ్మ అరగంట కూర్చుంది. ఆ అరగంటకూ, జరిగినదానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. భర్త చెప్పాడు. ఆమె విన్నది.

ఆ తర్వాత ఆమె దేన్నీ అరగంట వదిలిపెట్టలేదు.

డ్రైవరు డ్యూటీ దిగి వచ్చి, సంగతి విని, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. “పోతే పోయింది. నేను బస్సు నేర్చుకునేటప్పుడు ఒక గేటూ, రెండు కరెంటు స్తంభాలూ కూల్చాను. నాకు నేర్పిన మేష్టరు పేరు మరిచిపోయాను గాని, ఆ స్తంభాలు మాత్రం ఎక్కడున్నాయో కళ్లు మూసుకుని చూపిస్తాను.”

“నీకన్నీ వేళాకోళమే. దాని ఉద్యోగం పోయిందయ్యా.”

“పోయిందని అది చెప్పిందా?”

“చెప్పాలా? నాకు కళ్లు లేవా?”

“ఉన్నాయి, అందుకే భయం. నువ్వు దానికి నీడవి కాదే, గొడుగువి. ఎండ తగలనివ్వవు, వాన తగలనివ్వవు. దారి కూడా కనబడనివ్వవు.” తువ్వాలు భుజాన వేసుకుని, వెళ్తూ వెళ్తూ అన్నాడు. “నాలుగు రోజులు ఊరుకో. నా మాట విను.”

ఆ మాటలో ఏదో దాచినట్టుందని ఆమెకు తోచింది. కాని నాలుగు రోజులు ఊరుకోవడమనే మాట ఆమె చెవిలో ఎక్కువసేపు నిలవలేదు.

బుధవారం కూతురు గదిలోంచి రాలేదు. గురువారం పొద్దున సూదమ్మ తన దగ్గరున్న మంచి కత్తెర, రెండు రకాల సూదులు, కొలత టేపు సంచిలో పెట్టుకుని, దారాలు కొనాలని చెప్పి నాటకశాలకు వెళ్లింది.

కుట్టుగది నాటకశాల వెనకభాగాన, మూడో అంతస్తులో ఉంది. గోడ పొడుగునా ఇనుప కమ్మీలకు వేషాలు వేలాడుతున్నాయి. సైనికుల కోట్లు, పనిమనుషుల ఏప్రన్లు, ఎవరివో తెల్లటి రెక్కలు. ఎనిమిది మిషన్లు ఒకేసారి ఆడుతుంటే నేల సన్నగా అదురుతోంది. ఆ గదికి పెద్దను అందరూ పెద్దకత్తెర అంటారు. సూదమ్మా ఆమే ఒకప్పుడు ఒకే గురువమ్మ దగ్గర, ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని పని నేర్చుకున్నారు. తర్వాత ఒకరు ఇంటిపట్టున ఉండిపోయారు, ఒకరు ఇక్కడికి వచ్చారు. ఎదురుపడినప్పుడు మాటలు మాత్రం ఆ బల్ల దగ్గరివే.

“ఏమే సూదీ, దారి తప్పావా?” అంది పెద్దకత్తెర, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుంటూ. “జుట్టంతా నెరిసిందే. రంగన్నా వేసుకోవచ్చుగా. మా దగ్గర పాత విగ్గులున్నాయి, ఒకటి పట్టుకెళ్లు.”

“నీకు మాత్రం నల్లగా ఉందా? గుడ్డ చుట్టుకుని దాచావు.”

ఇద్దరూ నవ్వారు. పెద్దకత్తెర ఒక స్టూలు మీది దారపు ఉండలు తీసి కూర్చోమంది. సూదమ్మ కూర్చోలేదు.

“మా అమ్మాయి సంగతి మాట్లాడదామని వచ్చానే.”

పెద్దకత్తెర మొహంలోంచి నవ్వు మెల్లగా దిగింది. “అది నిన్ను పంపిందా?”

“దానికి తెలియదు. దాని తప్పు కాదే. ఆ అంగీ నేను కుట్టిపెడతాను. నీ దగ్గర వేరే గుడ్డ ఏది ఉంటే అది ఇవ్వు, మూడు రోజుల్లో ఇస్తాను. దాన్ని మాత్రం పనిలోంచి తీసెయ్యకు.”

“తీసేశానని ఎవరు చెప్పారు?”

సూదమ్మ ఆ ప్రశ్న వినే స్థితిలో లేదు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు ఒకదాని వెనక ఒకటి తోసుకొచ్చాయి. వాలు సంగతి దానికి తెలియదంది. బాణాలు తానే గీసేదాన్నంది. తెలియనివ్వకుండా పెంచింది తనే కాబట్టి తప్పు తనదే అంది. పెద్దకత్తెర ఏమీ అనకపోయేసరికి, ఇంకా చాలలేదేమో అనుకుని, దాచిపెట్టుకున్నదాన్ని కూడా బయటికి తీసింది.

“ఉద్యోగం అడగడానికి వచ్చినప్పుడు అది చూపిస్తే నువ్వు మెచ్చుకున్న ఆ ఆరు నమూనాలు ఉన్నాయే... జేబు, కాలరు, చేతి పట్టీ... అవన్నీ నేనే విప్పి మళ్లీ కుట్టాను. నేనలా చేయబట్టే దానికి తన లోటు తెలియలేదు. అనాలంటే నన్ను అను. దాన్ని ఏమీ అనకు.”

మిషన్లు ఆడుతూనే ఉన్నాయి. పెద్దకత్తెర కళ్లద్దాలు కిందికి దించుకుని ఆమె మొహంలోకి చూసింది.

“ఆరూనా?”

“ఆరూ.”

“కత్తిరింపు?”

“కత్తిరింపు దానిదే. దానికి ఏనాడూ చేయి పెట్టలేదు. అవసరం రాలేదు. కుట్టు మాత్రం...”

పెద్దకత్తెర లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చింది. గొంతు తగ్గించింది. అది కోపం కన్నా కష్టంగా ఉంది.

“నీ కూతురు ప్రతి వంకర కుట్టుకీ ఇస్త్రీపెట్టె దగ్గరికి పరుగెత్తేది. ఒకసారి కాదు, మూడేసి సార్లు రుద్దేది. ఏం పిల్లరా ఇది అనుకునేదాన్ని. అంచు కుట్టమంటే వంకరపోయేది. కొత్త చోటు, బెరుకులే, ఆ నమూనాలు కుట్టిన చేయేగా అని ఊరుకున్నాను.” తన స్టూలు మీద మళ్లీ కూర్చుంది. “సూదీ, నేను దాన్ని తీసెయ్యలేదు. మంగళవారం దీపం కింద రెండు రంగులు కనబడగానే, దగ్గరికి వెళ్లి చూడకుండానే నేను అరిచాను. రంగు అద్దినవాళ్ల మీద అరిచాను. వాళ్లే వంకరగా అద్దారనుకున్నాను. అది నోరు మూసుకుని ఉంటే ఆ మాటే నిలిచేది. పదిమంది ముందుకు వచ్చి, ‘కాదండీ, నేనే తప్పు కత్తిరించాను’ అంది. ముప్పై ఏళ్లలో ఈ గదిలో అలా ఒప్పుకున్నవాళ్లు ఎంతమందో నా వేళ్ల మీద చెప్తాను. నాలుగు రోజులు ఇంట్లో ఉండి సోమవారం రా, ఆరు నెలలు కత్తెర ముట్టుకోకూడదు, కుట్లు విప్పుతూ కూర్చోవాలి అన్నాను. సరేనండీ అంది. ఆ స్టూలు దానిదే. చూడు, ఎవరినీ కూర్చోనివ్వలేదు.”

సూదమ్మ స్టూలును చూసింది. ఇందాక తనను కూర్చోమన్నది వేరే స్టూలు. ఇది గోడవారన, ఖాళీగా ఉంది.

“మంచి చేయి ఉన్న పిల్ల, ఒక తప్పు చేసింది, నిలబడి ఒప్పుకుంది. అదీ నా లెక్క. ఇప్పుడు నువ్వొచ్చి, ఆ చేయి నీదని చెబుతున్నావు. ఆ నమూనాలు చూసి నేను వెనక్కి పంపినవాళ్లు నలుగురున్నారు, సూదీ. వాళ్లు తెచ్చినవి వంకరగా ఉన్నా వాళ్లవే.”

“నేను చెప్పలేదనుకో. మరిచిపో.”

“నువ్వు విప్పినంత తేలిగ్గా నేను విప్పలేను.” అంది పెద్దకత్తెర. “దానికి నేను చెప్పను. చెప్పాల్సింది నువ్వు. సోమవారం లోపల చెప్పు. తన చేతిలో ఏముందో, ఏం లేదో తెలిసి, తెలిసికూడా ఈ మెట్లెక్కి వస్తే, ఆ స్టూలు దానిదే. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి నేర్పుతాను. తెలియకుండా వస్తే మాత్రం నేనే చెప్పాలి. అందరి ముందూ చెప్పాలి. ఎందుకంటే అందరూ దాన్ని ఆ నమూనాలతోనే ఎరుగుదురు. అది నీకిష్టమా?”

సూదమ్మ సంచి పట్టుకుని మెట్లు దిగింది. మొదటి అంతస్తు దాకా వచ్చాక, దారాలు కొనలేదని గుర్తొచ్చింది. దారాలు కొంది.

శుక్రవారం చెప్పలేదు. శనివారమూ చెప్పలేదు. ఆ రెండు రోజులూ కూతురే గదిలోంచి బయటికి వచ్చి, పాత మఖమల్ దిండుగలీబు ఒకటి పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. కళ్లు మూసుకుని అరచేత్తో అటూ ఇటూ నిమురుతుంది. తిప్పి పెడుతుంది. మళ్లీ నిమిరి, ఇటు వాలు అని తనలో తను అనుకుంటుంది. ఒకటి రెండు సార్లు తప్పు చెప్పింది. మిషను మీదినుంచి చూస్తున్న సూదమ్మకు సరైన జవాబు పెదవుల దాకా వచ్చింది. పెదవులు కరుచుకుంది. అలా కరుచుకున్నందుకు తనను తానే మెచ్చుకుంది కూడా. తర్వాత, చెప్పవలసిన అసలు మాట దగ్గర కూడా అవే పెదవులు అలాగే మూసుకున్నాయని గమనించి, ఆ మెప్పు వెనక్కి తీసుకుంది.

ఆదివారం డ్రైవరుకు సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కూతురు గిన్నెలు తుడుస్తోంది. అతను పత్రిక తిరగేస్తున్నాడు.

“రేపు ఎన్నింటికి లేవాలి దొరసానీ?” అన్నాడు కూతురితో.

“ఆరింటికి. మొదటి బస్సు నీదేగా?”

“నాదే. టికెట్టు తీసుకోవాలి మరి. చుట్టాలని ఊరికే ఎక్కించుకుంటే నా ఉద్యోగం పోతుంది.”

సూదమ్మ వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసింది. “నీకు తెలుసా?” అని భర్తనడిగింది.

“ఏది? దాన్ని తీసెయ్యలేదనా? మంగళవారం నా బస్సులోనే వచ్చిందిగా. చెప్పింది. నీకు చెప్పొద్దంది.”

“నాకెందుకు చెప్పొద్దు?”

కూతురు గిన్నె తుడవడం ఆపలేదు. “చెబితే నువ్వు వెళ్లి ఆ ఆరు నెలలు తగ్గించమని అడుగుతావు. నాకు తగ్గించడం ఇష్టం లేదమ్మా. అది నేను చేసింది. అదొక్కటన్నా నన్ను చేయనివ్వు.”

సూదమ్మ కుర్చీలో కూర్చుంది. కూర్చున్నాక లేవడం కుదరదని తెలిసే కూర్చుంది.

“వెళ్లాను,” అంది. “గురువారం వెళ్లాను.”

డ్రైవరు పత్రిక మడిచాడు. ఎప్పుడైనా అనగలిగే మాటొకటి అతని దగ్గర ఉండేది. సూది కోసం సోదికి పోతే పాత గుట్టంతా బయటపడ్డట్టు. అక్కడేదో బయటపెట్టి వచ్చిందని ఆమె మొహం చూసి గ్రహించి, ఆ సామెత అనబోయి మింగేశాడు.

ఆమె చెప్పింది. వరసగా చెప్పలేకపోయింది. నమూనాల దగ్గర మొదలుపెట్టి, ఇస్త్రీ దగ్గరికి వెళ్లి, తెల్లవారుజాముల దగ్గరికి వెళ్లి, పెద్దకత్తెర పెట్టిన గడువు దగ్గరికి వచ్చి ఆగింది. నీ మంచికే అనే మాట నోటి చివరికి వచ్చింది గాని, అనలేదు. ఆ రోజు ఆమె చేసిన పనుల్లో ఆమెకు సరిగ్గా కుదిరింది అదొక్కటే.

కూతురు తుడిచిన గిన్నెలను ఒకదానిలో ఒకటి పెట్టింది. మళ్లీ బయటికి తీసి, మళ్లీ పెట్టింది.

“ఆ ఆరింటిలో నాది ఏదన్నా ఉందా?”

“కత్తిరింపు అంతా నీదే. ఒట్టు.”

“కుట్టు?”

సూదమ్మ తల అడ్డంగా ఆడించింది.

“ఇస్త్రీ పడితే సర్దుకుంటాయన్నావు.” కూతురు నెమ్మదిగా అంది. “అక్కడ వాళ్లంతా నవ్వేవాళ్లు. ఇస్త్రీపెట్టెను పెళ్లాడతావా అనేవాళ్లు. అది వేడి చాలడం లేదనుకుని నేను ఇంకా వేడి చేసేదాన్ని. రెండు సార్లు చేయి కాల్చుకున్నాను. నీకు చెబితే భయపడతావని చెప్పలేదు.”

డ్రైవరు లేచి కూతురి భుజం మీద చేయి వేయబోయాడు. ఆమె పక్కకు జరిగింది. కోపంతో కాదు. పట్టుకుంటే నిలబడలేనన్నట్టు జరిగింది.

“అమ్మలూ, రేపు వెళ్లకపోయినా ఫర్వాలేదు,” అంది సూదమ్మ. “ఇంట్లోనే కుట్టుకుందాం. ఇద్దరం...”

“అమ్మా.”

సూదమ్మ ఆగింది.

“కుట్లేనా? ఇంకా ఏమన్నా ఉన్నాయా?”

ఈ ప్రశ్న వస్తుందని సూదమ్మ అనుకోలేదు. తనకు తాను కూడా ఎప్పుడూ వేసుకోలేదు.

“ఇప్పుడు చెప్పొద్దు,” అంది కూతురు. “ఇప్పుడైతే నా మొహం చూసి తగ్గించి చెబుతావు. కాగితం మీద రాయి. నావి అనుకుని నేను గెలిచినవి, నావి అనుకుని నేను పోగొట్టుకున్నవి, నువ్వు చేయి పెట్టినవన్నీ రాయి. ఏవి నావో ఏవి కావో నాకు తెలియాలి. రాయడం అయ్యాక ఇవ్వు. తొందర లేదు.”

సోమవారం ఆరింటికి ఆమె లేచింది. ఎవరూ లేపలేదు. తండ్రి బస్సు ఎక్కి, టికెట్టు తీసుకుంది. సాయంత్రం వచ్చి, రోజంతా పాత కోట్ల కుట్లు విప్పానని చెప్పింది. “పెద్దకత్తెర ఏమందే?” అని సూదమ్మ అడిగితే, “సూదిలో దారం ఎక్కించి చూపించమంది. చూపించాను. అది వచ్చు,” అంది. మంగళవారం ఇస్త్రీపెట్టె ఎవరో దాచేశారని చెబుతూ తండ్రితో కలిసి కాస్త నవ్వింది. ఆ నవ్వు వంటగది గుమ్మం దాకానే వచ్చి ఆగింది. తల్లితో ఆమె పలకకుండా ఉండలేదు. తింటావా అంటే తింటానంది. నిద్రొస్తోందా అంటే రావడం లేదంది. ఇద్దరి మధ్యా మాటలు కొత్తగా పరిచయమైనవాళ్ల మాటల్లా మర్యాదగా నడిచాయి.

సూదమ్మ గీతల కాగితాలు కొని తెచ్చి, మధ్యాహ్నాలు మిషను మూసి, దాని మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. కుట్ల సంగతులు తొందరగానే వచ్చాయి. ఒక్కో రకాన్ని ఒకటిగా లెక్కేస్తే అవి పదకొండు. ఆ తర్వాత ఆమె పెన్ను పట్టుకుని చాలాసేపు కిటికీలోంచి వీధిలోకి చూసేది. లెక్కల పరీక్ష తప్పినప్పుడు మేష్టరు ఇంటికి వెళ్లి బతిమాలి మార్కులు వేయించింది. అది రాసింది. సైకిలు మీదనుంచి మొదటిసారి పడిన రోజునే ఆ సైకిలు వేరేవాళ్లకి ఇచ్చేసి, దొంగలెత్తుకుపోయారని చెప్పింది. అది రాసింది. ఈత నేర్పే తరగతికి, చెవిలో పోటు ఉందని అబద్ధపు చీటీ పంపింది. మాటకు మాట అంటుందని ఒక స్నేహితురాలిని గుమ్మంలోనే ఆపి, మా అమ్మాయి నీతో మాట్లాడనందని చెప్పి పంపేసింది. ఆ పిల్ల ఏడుస్తూ వెళ్లింది. నెల రోజులు కూతురూ ఏడ్చింది. ఎందుకు రావడం లేదో అని తల్లినే అడిగింది. ఇది రాయడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది.

రాసేకొద్దీ ఒకటి తెలిసింది. ఆమె కూతురు ఓడిపోయినవి చాలా తక్కువ. ఓడిపోయానని అనుకున్నవి చాలా ఎక్కువ.

డ్రైవరు ఒకసారి వెనకనుంచి తొంగిచూసి, “ఇంకా ఉన్నాయా?” అన్నాడు. ఆమె కాగితం మీద చేయి అడ్డం పెట్టింది. అతను ఆమె కాళ్ల దగ్గర పడిన దారపు ముక్క ఒకటి తీసి కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లాడు.

కూతురు అడగడం లేదు. తొందర లేదన్న మాట మీదే ఉంది. కుట్టుగదికి తిరిగి వెళ్లి మూడు వారాలు నిండాయి. నిన్న ఒక అంచు కుట్టి, వంకరపోయిందని తనే విప్పి, మళ్లీ కుట్టి, మళ్లీ వంకరపోతే అలాగే ఇంటికి తెచ్చింది. బల్ల మీద పెట్టి పడుకుంది. సూదమ్మ తెల్లవారుజామున లేచి, దాన్ని చూసి, ముట్టుకోకుండా వంటగదిలోకి వెళ్లింది.

జాబితాలో ఇరవై రెండు అయ్యాయి. ఒకటి మిగిలింది. రెండేళ్ల కిందట వేరే ఊరి కుట్టుపాఠశాల నుంచి కూతురి పేర ఉత్తరం వచ్చింది. సీటు ఇస్తున్నామని, అక్కడే ఉండి చదువుకోవాలని రాశారు. సూదమ్మ దాన్ని విప్పి చదివి, రానని కూతురి పేరుతో జవాబు రాసి పంపింది. కూతురు నాలుగు నెలలు ఆ ఉత్తరం కోసం ఎదురుచూసి, తనకు అంత పనితనం లేదని నిర్ణయించుకుంది.

ఆ ఇరవై మూడోది సూదమ్మ ఇంకా రాయలేదు.